విశ్వవిద్యాలయాల పద్దులో విద్యార్థి వాటా
(బీర్కూర్‌లో చేసిన ఆచార్య జయశంకర్ స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారి స్మృతిలో ఇలాంటి ఉపన్యాసాలు సాధారణంగా హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో జరుగుతాయి. మంజీర ఒడ్డున ఉన్న ఈ మండల కేంద్రంలో, విశ్వవిద్యాలయాల బడ్జెట్ గురించి వినడానికి ఇంతమంది రావడం నన్ను ఆలోచనలో పడేసింది. ఈ విషయం రాజధానిలో కంటే ఇక్కడే ఎక్కువ అవసరమని ఇంటి నుంచి బయలుదేరినప్పుడు అనుకున్నాను. మిమ్మల్ని చూశాక ఆ అభిప్రాయం గట్టిపడింది.

జయశంకర్ గారిని మనం తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తగా తలచుకుంటాం. అది న్యాయమే. అయితే ఆయన వృత్తిరీత్యా ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, అనుభవంరీత్యా విద్యా పాలకుడు. 1934 ఆగస్టు 6న వరంగల్ జిల్లా అక్కంపేటలో పుట్టి, సీకేఎం కళాశాలకు ప్రిన్సిపాల్‌గా, ఆపై 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. అంటే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జీతాల బిల్లు ఎలా పాసవుతుందో, హాస్టల్ మెస్ ఎందుకు మూతపడుతుందో, గ్రాంటు ఎక్కడ ఆగుతుందో దగ్గరి నుంచి చూసిన మనిషి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న ఉద్యమ నినాదంలో నీళ్ల గురించి ఈ నిజాంసాగర్ ఆయకట్టులో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. మిగిలిన రెండూ విశ్వవిద్యాలయం గడప దగ్గర ఏమయ్యాయన్నది ఈ పూట నా విషయం.

నా వాదన ముందే చెప్పేస్తాను. ప్రభుత్వం ఉన్నత విద్య మీద ఖర్చు చేస్తూనే ఉంది. కానీ ఆ ఖర్చులో విద్యార్థి చేతికి, అతని చదువు సాగడానికి, నేరుగా చేరే భాగం తరతరానికీ చిక్కిపోయింది. భవనానికి డబ్బు ఉంటుంది, ఫీజు పేరుతో కళాశాలకు డబ్బు ఉంటుంది, పింఛనుకూ ఉంటుంది. పీజీ చదివే మనిషి రెండేళ్లో, పరిశోధన చేసే మనిషి ఐదేళ్లో ఎలా బతుకుతారన్న పద్దు మాత్రం ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది. మన ప్రాంత చరిత్ర చూస్తే, ప్రభుత్వ ధనం అన్నింటికంటే గొప్పగా ఫలించినది ఆ చివరి వరుసలోనే.

దీనికి సాక్ష్యం మీ పొలాల్లోనే పారుతోంది. నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. దాని వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అతని అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న పుట్టి హైదరాబాద్‌లో చదువుకుని, 1896లో ప్రభుత్వ ఉపకార వేతనం మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లాడు. తిరిగి వచ్చి సంస్థానం ప్రజాపనుల శాఖలో చేరి, 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. మంజీరకు అడ్డంగా ఆనకట్ట లేచింది, కాలువలు ఈ దిగువ దాకా వచ్చాయి, 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్న ప్రణాళిక కాగితం దాటి నేల మీదికి దిగింది. వరి, చెరకు పండే నేలగా ఈ ప్రాంతం పేరు తెచ్చుకుంది. ఆ వెనకే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ, రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రం వచ్చాయి. ఆ రుద్రూరు కేంద్రం ఇవాళ జయశంకర్ గారి పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం కావడం ఈ సభకు తగిన సంగతి.

ఆనాటి సంస్థానం ఖజానా ఒక యువకుడి పైచదువుకు పెట్టిన ఖర్చు ఎంతైనా కానివ్వండి, ఈ ఆయకట్టులో ఒక్క పంట విలువ ముందు అది లెక్కలోకి రాదు. తెలంగాణ ఇప్పుడు అలీ నవాజ్ జంగ్ పుట్టిన రోజును ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆ ఉపకార వేతనాన్నీ గుర్తుచేసుకుంటే మన బడ్జెట్ చర్చలు కొంత మారుతాయని నాకనిపిస్తుంది.

అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చూపించడం నా ఉద్దేశం కాదు. అప్పటి ఉపకార వేతనం ప్రభువు దయ. ఎవరికి ఇవ్వాలో పైవాళ్లే తేల్చేవారు. ఆ జాబితాలో అఘోరనాథ చట్టోపాధ్యాయ కుమార్తె సరోజిని ఉంది. నిజాం వేతనంతో 1895లో ఇంగ్లండ్ వెళ్లి కింగ్స్ కాలేజీలో, గిర్టన్‌లో చదివిన ఆమే తరవాతి సరోజినీ నాయుడు. ఆ జాబితాలో మంజీర ఒడ్డు కూలివాళ్ల పిల్లలు ఒక్కరూ ఉండే వీలు లేదు. తెలుగులో ఓనమాలు దిద్దిన పిల్లవాడికి ఆ దారి దాదాపుగా మూసి ఉండేది.

ఉపకార వేతనం దయ స్థాయి నుంచి హక్కు స్థాయికి రావడానికి మరో వేతన గ్రహీత కావలసి వచ్చింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన వేతనం మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో పీజీ చదివిన భీమరావ్ అంబేద్కర్, మూడు దశాబ్దాల తరవాత వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్నారు. ఆయన ఆ పదవిలో ఉండగానే షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. తనకొక్కడికి అందిన దాన్ని తన వాళ్లందరికీ ఒక పద్దుగా మార్చాలన్న పట్టుదల ఆ పథకం వెనుక ఉంది. ఈ రోజు మన ఊళ్లలో ఈ-పాస్‌లో దరఖాస్తు చేసుకునే ప్రతి దళిత విద్యార్థికీ ఆ 1944 నాటి పథకమే మూలం. మన దేశంలో ఉన్నత విద్యకు ప్రభుత్వ సాయం చరిత్ర రాసేవారు సాధారణంగా కమిషన్ల నివేదికల నుంచి మొదలుపెడతారు. నన్నడిగితే ఈ పథకం నుంచే మొదలుపెట్టాలి.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. తెలుగు నేల మీద వీటిని నిలబెట్టిన పద్ధతులు రెండు. ఒకటి దాత పద్ధతి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావడంలో దేవస్థానం డబ్బు, భూమి ఉన్నాయి. రెండోది ఖజానా పద్ధతి. 1917లో అక్బర్ హైదరీ విజ్ఞాపన మీద ఏడో నిజాం ఫర్మానా ఇచ్చారు, 1918లో ఉస్మానియా ఏర్పడింది. పూర్తి ప్రభుత్వ ఖర్చు. పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద విభాగం పెట్టి జీతాలిచ్చి పనిచేయించారు. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమయ్యే నాటికి ఉస్మానియా వయసు రెండు పదులు దాటింది. మొదట అద్దె ఇళ్లు, అధ్యాపకులు, పుస్తకాలు. భవనం తరవాత. ఈ వరుస గుర్తుంచుకోండి, దీనితో కాసేపట్లో పని పడుతుంది.

ఖజానా పద్ధతిలో ఒక ముల్లు కూడా ఉంది. డబ్బిచ్చే చెయ్యి నోరు మూయించాలని చూస్తుంది. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వందల సంఖ్యలో బయటికి పంపారు. వారికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ప్రభుత్వ గ్రాంటు పెరగాలని కోరే మనలాంటివాళ్లం ఈ సంఘటనను పక్కన పెట్టకూడదు. ఆ మాటకొస్తే, నిధులు తగ్గించినా పెంచినా ప్రభుత్వాలు విశ్వవిద్యాలయాల మీద పట్టు సడలించిన దాఖలా మాత్రం లేదు. తక్కువ డబ్బుతో ఎక్కువ పెత్తనం చేయడం తరవాతి కాలం నేర్చుకున్న విద్య.

స్వాతంత్ర్యం వచ్చాక సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లో నివేదిక ఇచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1953లో ఏర్పడి 1956లో చట్టబద్ధమైంది. 1964-66 నాటి కొఠారి కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలంది. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ అదే 6 శాతం అంది. యాభై ఏళ్లకు పైగా ఒకే అంకెను లక్ష్యంగా చెప్పుకుంటున్న రంగం బహుశా మరొకటి లేదు.

ఈ కాలంలోనే ఒక చీలిక స్థిరపడింది. కేంద్ర విశ్వవిద్యాలయాలను కేంద్రం పూర్తిగా పోషిస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు జీతాలు, నిర్వహణ రాష్ట్రం చూసుకోవాలి. యూజీసీ అభివృద్ధి నిధులు కావాలంటే 1972 సవరణతో చట్టంలోకి వచ్చిన 12(బి) గుర్తింపు ఉండాలి. విద్యార్థుల్లో అత్యధికులు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, వాటి అనుబంధ కళాశాలల్లో ఉంటారు. కేంద్రం డబ్బులో పెద్ద వాటా మిగతా కొద్దిమంది ఉన్నచోటికి వెళుతుంది. మన దగ్గర దీనికి ఒక చారిత్రక మలుపు కూడా ఉంది. ముల్కీ (స్థానికుల ఉద్యోగ హక్కు) ఆందోళనల తరవాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో హైదరాబాద్ కేంద్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రాంతీయ అన్యాయం మీద ఉద్యమం చేసినందుకు ఇచ్చిన కానుక అది. దానికి అందే నిధులు ఉస్మానియాకో కాకతీయకో ఎన్నడూ అందలేదు.

జయశంకర్ గారు కాకతీయకు వైస్ చాన్సలర్‌గా ఉన్న రోజుల్లోనే ఈ నిధుల కథ మలుపు తిరిగింది. 1991 ఆర్థిక సంస్కరణల నీడలో యూజీసీ ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు మన తెలుగువాడే, జస్టిస్ కె. పున్నయ్య. 1993లో ఆ కమిటీ ఇచ్చిన నివేదికను రెండు భాగాలుగా చదవాలి. ప్రభుత్వ పోషణ తప్పనిసరిగా కొనసాగాలన్నది మొదటి భాగం. విశ్వవిద్యాలయాలు ఐదేళ్లలో తమ వార్షిక వ్యయంలో 15 శాతం, పదేళ్లలో 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలన్నది రెండోది. ప్రభుత్వాలు రెండో భాగాన్నే కంఠస్థం చేశాయి. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు వచ్చాయి. ఒకే తరగతి గదిలో రెగ్యులర్ సీటు ఫీజు ఒకటి, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఫీజు మరొకటి అయింది. దళిత కుటుంబం నుంచి వచ్చి హైకోర్టు న్యాయమూర్తి అయి, తరవాత అంటరానితనం మీద రాష్ట్రంలో విచారణ జరిపిన కమిషన్‌కు సారథ్యం వహించిన మనిషి పేరు ఈ ఫీజుల చరిత్రలో సగం వాక్యంగా మిగిలిపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే తోస్తుంది.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయానికి వద్దాం. 2006లో చట్టం చేసి తెలంగాణ విశ్వవిద్యాలయాన్ని నిజామాబాద్‌కు ఇచ్చారు. డిచ్‌పల్లి దగ్గర 577 ఎకరాలు. భిక్కనూరులో ఉస్మానియా నడుపుతూ వచ్చిన పీజీ కేంద్రం తరవాత దీని సౌత్ క్యాంపస్‌గా మారింది. ఆ రెండు మూడేళ్లలోనే నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్‌లకూ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. నిర్ణయం మంచిదే. అంతకుముందు బాన్సువాడ డివిజన్ నుంచి ఎమ్మెస్సీ చదవాలంటే హైదరాబాద్‌లో గది అద్దె భరించగలగాలి. ఆడపిల్ల అయితే ఆ సంభాషణ ఇంట్లో మొదలయ్యేదే కాదు. డిచ్‌పల్లి వచ్చాక ఆ సంభాషణ మొదలైంది. ఎంత చెప్పినా ఇది చిన్న విషయం కాదు.

కానీ ఉస్మానియాలో మనం చూసిన వరుస ఇక్కడ తలకిందులైంది. ముందు ఎకరాలు, తరవాత భవనాలు, అధ్యాపకులు మాత్రం ఎప్పటికో. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పేరుకుంటూ పోయాయి. తరగతుల బరువు కాంట్రాక్టు అధ్యాపకుల మీద, అకడమిక్ కన్సల్టెంట్ల మీద పడింది. 2017లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1,061 పోస్టులు నింపడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, నియామకాలు జరగలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు కోసం శాసనసభ బిల్లు ఆమోదించింది, అది రాజ్‌భవన్‌లో చిక్కుకుంది. 2019 నుంచి 2021 దాకా దాదాపు రెండేళ్లు రాష్ట్రంలో అనేక విశ్వవిద్యాలయాలకు పూర్తికాలపు వైస్ చాన్సలరే లేరు. 2024లో పదవీకాలాలు ముగిసినప్పుడు మళ్లీ కొన్ని నెలలు ఇన్‌ఛార్జి అధికారుల పాలనే. ఏ పార్టీ ప్రభుత్వం అన్న ప్రశ్న ఇక్కడ అనవసరం. అందరి హయాంలోనూ ఇది జరిగింది.

బ్లాక్ గ్రాంట్ అన్న మాట మీరు పత్రికల్లో చూసి ఉంటారు. రాష్ట్రం ఏటా ఒక్కో విశ్వవిద్యాలయానికి ఇచ్చే మొత్తం అది. ఉస్మానియా, కాకతీయ లాంటి పాత విశ్వవిద్యాలయాల్లో అది జీతాలకూ పింఛన్లకూ చాలదు, లోటును పరీక్ష ఫీజులతో, దూరవిద్యతో పూడ్చుకోవాలి. డిచ్‌పల్లి లాంటి కొత్తదానికి పింఛన్ల భారం తక్కువే గానీ గ్రాంటు నిర్ణయమయ్యేది ఉన్న సిబ్బంది జీతాలను బట్టి. ఖాళీలు నింపకపోతే గ్రాంటు పెరగదు, గ్రాంటు పెరగకపోతే నింపడానికి ధైర్యం చాలదు. ఒక పోలిక చెప్తాను. నిజాంసాగర్ కట్టినప్పుడు దాని సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు, పూడిక చేరి ఇప్పుడు 17.8 టీఎంసీలకు దిగింది. గట్టు మీద నిలబడి చూసేవాడికి నిండు సాగరమే కనిపిస్తుంది. బడ్జెట్ పుస్తకంలో విశ్వవిద్యాలయం పద్దు కూడా అలాగే ఏటా నిండుగానే కనిపిస్తుంది.

ఈ లోటును చివరికి ఎవరు మోస్తున్నారో ఒకసారి చూడండి. కొత్త విశ్వవిద్యాలయానికి మూలనిధి లేదు, డబ్బున్న పూర్వ విద్యార్థులు లేరు. దానికి సొంత రాబడి అంటే అనుబంధ కళాశాలల గుర్తింపు రుసుము, డిగ్రీ పిల్లల పరీక్ష ఫీజు. అంటే బాన్సువాడలోనో బోధన్‌లోనో బీకాం చదివే పిల్ల కట్టే సెమిస్టర్ ఫీజులో కొంత భాగం డిచ్‌పల్లి ల్యాబులో రసాయనాలకు పోతుంది. పేదల పిల్లలే పేదల పిల్లలకు గ్రాంటు ఇస్తున్నారు.

పరిశోధన నిధులదీ ఇదే తీరు. కేంద్ర సంస్థలు ప్రాజెక్టులు ఇచ్చేటప్పుడు శాశ్వత ఉద్యోగంలో ఉన్న ఆచార్యుడిని అడుగుతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం కేంద్రం 2013లో మొదలుపెట్టిన రూసా పథకం కింద ఉస్మానియాకు 100 కోట్లు మంజూరయ్యాయి. ఆ పథకమే 2023లో పీఎం ఉషా అయింది. అందులో రాష్ట్రం వాటా 40 శాతం. నాక్ గ్రేడు, అధ్యాపకుల సంఖ్య, ప్రచురణలు చూసి ఇచ్చే పోటీలో మనిషి లేని శాఖ ఏం నెగ్గుతుంది? 2024-25 రాష్ట్ర బడ్జెట్‌లో విశ్వవిద్యాలయాల వసతులకు 500 కోట్లు ప్రకటించినప్పుడు ఉస్మానియాకూ, చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న కోఠి మహిళా విశ్వవిద్యాలయానికీ చెరి వంద కోట్లన్నారు. 2025లో ఉస్మానియాకు వెయ్యి కోట్లన్నారు. ఉస్మానియాకు ఇవ్వడం మీద నాకు ఆక్షేపణ లేదు, ఆ అవసరం నిజమైనదే. జిల్లా విశ్వవిద్యాలయాల వంతు ఎప్పుడన్నదే ప్రశ్న.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. ఈ సభలో చివరి వరుసల్లో కూర్చున్న యువతీ యువకుల దగ్గరికి.

ఉమ్మడి రాష్ట్రంలో 2008 తరవాత ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. అందులో రెండు పద్దులు. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, కళాశాలకు పోతుంది. ఎంటీఎఫ్ అంటే విద్యార్థి పోషణ ఖర్చు. రాజకీయ చర్చ అంతా మొదటి పద్దు చుట్టూనే తిరిగింది, ఎందుకంటే దాని కోసం అడిగే యాజమాన్యాలకు సంఘాలున్నాయి, తాళాలు వేసి బంద్ చేయగల గేట్లున్నాయి. రెండో పద్దుకు అలాంటి గొంతు లేదు. రెండూ ఏళ్లూ పూళ్లూ బకాయి పడ్డాయి. ట్రెజరీలో టోకెన్ వస్తుంది, డబ్బు రాదు. బడ్జెట్ కేటాయింపు వేరు, విడుదల వేరు అన్న అర్థశాస్త్ర పాఠం మన పీజీ విద్యార్థికి ఎవరూ చెప్పనవసరం లేదు. సర్టిఫికెట్ తీసుకోవడానికి కళాశాల కౌంటర్ దగ్గరికి వెళ్లి, ముందు ఫీజు నువ్వు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక తీసుకో అని విన్న రోజే అతనికి ఆ తేడా అర్థమవుతుంది.

పోషణ పద్దు ఎంత అంటారా? సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారి డైట్ ఛార్జీ నెలకు 1,500 రూపాయలు ఉండేది. 2024లో 2,100 చేశారు. పెంచినందుకు అభినందించాలి, అది చాలాకాలంగా ఉన్న డిమాండ్. పెంచాక రోజుకు 70 రూపాయలు. టీ, టిఫిన్, రెండు పూటల భోజనం అందులోనే.

ఇదే రాష్ట్రం విదేశాల్లో పీజీ చదివే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఓవర్సీస్ విద్యానిధి కింద ఒక్కొక్కరికి 20 లక్షలు ఇస్తుంది. కూపర్స్ హిల్‌కు పంపిన ఆ పాత సంప్రదాయానికి ఇది ప్రజాస్వామిక వారసత్వం. దాన్ని తగ్గించాలని నేను అనను. ఒక లెక్క మాత్రం మీ ముందు పెడతాను. నెలకు 2,100 చొప్పున ఏడాదికి పది నెలలు, రెండేళ్లు లెక్కేస్తే ఇక్కడి పీజీ విద్యార్థి భోజనానికి అయ్యేది 42,000. అమెరికా వెళ్లే ఒక్కరికి ఇచ్చే మొత్తంతో డిచ్‌పల్లిలో 47 మంది రెండేళ్లు తింటారు. పైచదువు పెట్టుబడి అని ప్రభుత్వానికి తెలుసు. సముద్రం దాటితేనే ఆ తెలివిడి వస్తోంది.

పరిశోధక విద్యార్థి స్థితి ఇంకా వింతైనది. జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 నుంచి నెలకు 37,000. తెచ్చుకోలేనివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నాన్ నెట్ ఫెలోషిప్ కింద పీహెచ్‌డీకి నెలకు 8,000 ఇస్తారు. 2015 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేస్తామని యూజీసీ అన్నప్పుడు ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందు రాత్రింబవళ్లు బైఠాయించి నిలబెట్టుకున్నారు. ఆ పోరాటానికి నా నమస్కారం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారికీ అది వర్తించాలని కూడా వారు అడిగారు, ఆ కోరిక మాత్రం నెరవేరలేదు. కాబట్టి బీర్కూర్ నుంచి ఇద్దరు స్నేహితులు బయలుదేరి, ఒకరు గచ్చిబౌలిలోని కేంద్ర విశ్వవిద్యాలయంలో, మరొకరు డిచ్‌పల్లిలో పీహెచ్‌డీలో చేరితే, మొదటివారికి నెట్ లేకున్నా ఎంతో కొంత చేతికొస్తుంది, రెండోవారికి సున్నా. ఆ రెండోవారు పొద్దున ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి, సాయంత్రం పోటీ పరీక్షల కోచింగ్‌లో చెప్పి, మిగిలిన వేళలో సిద్ధాంత గ్రంథం రాస్తారు. ఐదేళ్ల పని ఎనిమిదేళ్లు పడుతుంది. ఆ తరవాత వారి పరిశోధన నాణ్యత మీద మనం సదస్సులు పెడతాం.

మాస్టర్స్ విద్యార్థుల కోసం యూజీసీ 2023లో ప్రకటించిన జాతీయ స్కాలర్‌షిప్ నెలకు 15,000, ఏడాదికి పది నెలలు. మొత్తం సరిపోయేంత ఉంది. సంఖ్య దేశమంతటికీ కలిపి ఏడాదికి 10,000. మన మారుమూల విద్యార్థికి అది లాటరీ టికెట్.

ఒక విషయం పక్కదారి అయినా చెప్పాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది విద్యాశాఖ పద్దు కాదు. అయినా రోజూ ఊరి నుంచి క్యాంపస్‌కు వెళ్లివచ్చే అమ్మాయికి ఇటీవల ప్రభుత్వం వల్ల నెలనెలా చేతిలో మిగిలిన డబ్బు ఏదైనా ఉంటే, అది ఆ బస్సు టికెటే. ఆలస్యం లేకుండా, దరఖాస్తు లేకుండా, టోకెన్ లేకుండా అందింది. సాయం అలా అందాలి.

పీజీ చదువుకు రైతు పన్ను ఎందుకు పెట్టాలి అని ఈ సభలో ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఎంఏ, ఎమ్మెస్సీ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తున్నారు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసేవారు తగ్గుతున్న కోర్సులున్నాయి, సీట్లు మిగిలిపోతున్న శాఖలున్నాయి. సీట్లు మిగులుతుంటే డబ్బెందుకు అని ఆర్థిక శాఖ అధికారి అనగలడు. నా జవాబు ఇది. అధ్యాపకుడు లేని శాఖలో, పోషణ లేని చదువులో, ఉద్యోగ ప్రకటన లేని రాష్ట్రంలో సీటు మిగలకపోతేనే ఆశ్చర్యపడాలి. మరొకటి, ఈ ప్రాంతానికి పరిశోధకులు చేయవలసిన పని కళ్లెదుటే ఉంది. నిజాంసాగర్ పూడిక, మంజీరలో ఇసుక తవ్వకాలతో దిగజారే భూగర్భ జలం, 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తరవాత ఇక్కడి పంటల తీరులో వచ్చిన మార్పు, గల్ఫ్ వలసలు. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది, రుద్రూరులో ఆహార సాంకేతిక కళాశాల ఉంది, డిచ్‌పల్లిలో రసాయన, వృక్ష, అర్థశాస్త్ర శాఖలున్నాయి. ఇవన్నీ ఒక గంటన్నర ప్రయాణ దూరంలో ఉన్నాయి. వీటి మధ్య తిరిగి పనిచేసే పరిశోధకుడికి నెల జీతం లాంటి ఒక వేతనం కావాలి, అంతే.

దానికి అయ్యే ఖర్చు చూద్దాం. 2025-26లో తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. విద్యకు 23,108 కోట్లు, అంటే 7.6 శాతం. అందులో అత్యధిక భాగం పాఠశాల విద్యది, అలాగే ఉండాలి కూడా. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేని వెయ్యి మంది పరిశోధకులకు కేంద్ర విశ్వవిద్యాలయాల్లోలాగే నెలకు 8,000 ఇస్తే ఏడాదికి 9.6 కోట్లు. పదివేల మంది పీజీ విద్యార్థులకు నెలకు 3,000 చొప్పున పది నెలలు ఇస్తే 30 కోట్లు. రెండూ కలిపి 40 కోట్ల లోపే. 23,108 కోట్ల విద్యా బడ్జెట్‌లో ఇది ఐదు వందల రూపాయలకు ఒక రూపాయి కూడా కాదు.

ఈ పద్దు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కలవకూడదు. కలిస్తే కళాశాల బకాయిల వరదలో ఇదీ కొట్టుకుపోతుంది. విద్యార్థి బ్యాంకు ఖాతాలో నెల మొదటి వారంలో పడాలి. ఏడాది చివర ఒకేసారి ఇచ్చే డబ్బు అప్పు తీర్చడానికి పనికొస్తుంది గానీ చదవడానికి పనికిరాదు. వేతనం పొందేవారి ఎంపిక విశ్వవిద్యాలయ శాఖల చేతిలోనే ఉండాలి, సచివాలయం చేతిలో కాదు. 1938 నేర్పిన పాఠం అది. విద్యార్థి ఏ జెండా పట్టుకున్నాడని వేతనం ఆపే అధికారం ఎవరికీ ఉండకూడదని ఉత్తర్వులోనే రాయాలి.

పోస్టుల భర్తీ దీనికి ముందో వెనకో జరగవలసిందే. అది ఆలస్యమైతే కనీసం ఉన్న కాంట్రాక్టు అధ్యాపకులకు పరిశోధన పర్యవేక్షించే అర్హత, భద్రత కల్పించాలి. ఏళ్ల తరబడి తరగతులు నడిపిన వారిని తాత్కాలికులనే పిలుస్తూ ఉంటే శాఖలు నిలబడవు.

రాష్ట్ర బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో శాసనసభకు వస్తుంది. పద్దుల మీద చర్చలో ఉన్నత విద్య వంతు వచ్చేసరికి సభ్యులకు ఓపిక, స్పీకర్‌కు సమయం రెండూ అయిపోతుంటాయి. జుక్కల్, బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రతినిధులు ఆ రోజు తెలంగాణ విశ్వవిద్యాలయం బ్లాక్ గ్రాంట్ ఎంత అడిగారు, ఎంత కేటాయించారు, గత ఏడాది కేటాయించిన దానిలో ఎంత విడుదలైంది అన్న మూడు అంకెలు సభలో చదివించగలిగితే, ఈ ఉపన్యాసం నుంచి నేను ఆశించే ఫలితం అదే. ఆ అంకెలు అడగమని ఉత్తరం రాయవలసింది ఈ మండలంలోని గ్రామ పంచాయతీలు, ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు. ముసాయిదా ఈ వారంలోనే తయారు చేస్తామని నిర్వాహకులు మాటిచ్చారు. సంతకాలకు ముందుగా డిచ్‌పల్లి, భిక్కనూరు హాస్టళ్లకు వెళ్లమని వారిని కోరుతున్నాను.